క్రోటన్ నీటి శుద్ధి కేంద్రము, క్రీడాస్థలముల పునఃస్థాపన

క్రోటన్ నీటి శుద్ధి కేంద్రము అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు నగరమునకు చెందిన తాగునీటి వడపోత కేంద్రము. ఇది నగరపు ఉత్తర భాగమైన బ్రాంక్స్ విభాగములో, వాన్ కోర్ట్‌లాండ్ ఉద్యానవనములో, నేల అడుగున నిర్మించబడినది. ఈ ఉద్యానవనములోని మొషోలు గోల్ఫ్ మైదానమునకు చెందిన బంతి సాధన స్థలమును తొలగించి, ఆ చోట దీనిని కట్టారు. 2004లో పనులు మొదలై, 2015 మే నెలలో కేంద్రము నుండి నీటి సరఫరా ప్రారంభమైనది. తొలగించిన సాధన స్థలమును కేంద్రము పైకప్పు మీద తిరిగి ఏర్పాటు చేశారు. అంతేకాక బ్రాంక్స్‌లోని ఇతర ఉద్యానవనములను, ఆటస్థలములను బాగుచేయుటకు 20 కోట్ల డాలర్లకు పైగా కేటాయించారు.

నీరు అందరికీ కావలెను. ఆటస్థలము కూడ ప్రజల ఆస్తియే. మొదటి దాని కోసము రెండవ దానిని తీసుకొనవలసి వచ్చినపుడు ఎవరి అనుమతి కావలెను, కోల్పోయిన దానిని ఎక్కడ, ఎప్పటిలోగా, ఏ రూపములో తిరిగి ఇవ్వవలెను అనే ప్రశ్నలకు ఈ కేంద్రము చరిత్ర ఒక ముఖ్యమైన ఉదాహరణ. దీనికి సంబంధించి 2001లో వెలువడిన కోర్టు తీర్పు న్యూయార్కు రాష్ట్రములో ఉద్యానవనముల రక్షణకు ఆధారముగా నిలిచినది.

క్రోటన్ నీటి వ్యవస్థ

న్యూయార్కు నగరమునకు దూరము నుండి నీటిని తెచ్చిన మొదటి వ్యవస్థ క్రోటన్. నగరమునకు ఉత్తరాన ఉన్న క్రోటన్ నదికి ఆనకట్ట కట్టి, అక్కడి నుండి రాతి కట్టడపు కాలువ ద్వారా 1842లో నగరమునకు నీటిని తెచ్చారు. జనాభా పెరిగిన పిమ్మట ఇంకను పెద్దదైన కొత్త కాలువ 1890లో వాడుకలోనికి వచ్చినది. తరువాతి కాలములో క్యాట్‌స్కిల్, డెలావేర్ అనే రెండు పెద్ద వ్యవస్థలు తోడైనవి. ఇపుడు నగరపు నీటిలో దాదాపు 90 శాతము ఈ రెండింటి నుండి వస్తున్నది. సాధారణ కాలములో క్రోటన్ వాటా సుమారు 10 శాతము. వర్షాభావ సమయములలో ఈ వాటా పెరుగుతుంది.

ఈ నగరములో నీటి నిర్మాణములకు, ఆటస్థలములకు చాలాకాలముగా సంబంధమున్నది. మొదటి క్రోటన్ కాలువ నీటిని నిలువచేసిన జలాశయములలో ఒకటి నేటి సెంట్రల్ పార్కు నడుమ ఉండేది. 1930వ దశకములో దానిని ఎండగట్టి, పూడ్చి, గ్రేట్ లాన్ అనే విశాలమైన పచ్చిక మైదానముగా మార్చారు. బ్రాంక్స్‌లోని విలియమ్స్‌బ్రిడ్జ్ జలాశయము కూడ వాడుక తప్పిన తరువాత ఆటస్థలమై, 1937లో విలియమ్స్‌బ్రిడ్జ్ ఓవల్ అనే పేరుతో ప్రజలకు తెరువబడినది. జలాశయముగా ఉన్న కాలపు అండాకారమే ఆ పేరుకు కారణము. అనగా ఒకప్పుడు నీటి నిర్మాణములే నగరమునకు ఆటస్థలములను మిగిల్చినవి. మొషోలు విషయములో ఇది తిరగబడినది.

వడపోత ఎందుకు అవసరమైనది

క్రోటన్ పరీవాహక ప్రాంతము వెస్ట్‌చెస్టర్, పట్నం కౌంటీలలో ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దములో ఈ ప్రాంతము పొలములు, అడవుల నుండి ఇండ్లు, రహదారులు నిండిన శివారుగా మారినది. దానితో నీటిలో రంగు, వాసన, మడ్డి వంటి లోపములు తరచు కనిపించసాగినవి. నీటిలోని సేంద్రియ పదార్థములు క్లోరిన్‌తో కలిసినపుడు ఏర్పడు ఉప ఉత్పత్తులు మరియొక సమస్య.

నదులు, చెరువుల వంటి ఉపరితల జలములను వడపోసి మాత్రమే సరఫరా చేయవలెనని, కొన్ని కఠినమైన షరతులకు లోబడిన నీటికి మాత్రమే మినహాయింపు ఉండునని అమెరికా కేంద్ర ప్రభుత్వము 1989లో నిబంధన చేసినది. క్యాట్‌స్కిల్, డెలావేర్ నీటికి ఈ మినహాయింపు లభించినది. క్రోటన్ నీటికి లభించలేదు. నగరము వడపోత కేంద్రమును కట్టుటలో జాప్యము చేసినందున 1997లో కేంద్ర ప్రభుత్వము దావా వేసినది. 1998లో ఉభయుల సమ్మతితో డిక్రీ వెలువడి, కేంద్రమును గడువులోగా నిర్మించుటకు నగరము బాధ్యత వహించినది.

స్థలము ఎంపిక

మొదట కేంద్రమును బ్రాంక్స్‌లోని జెరోమ్ పార్కు జలాశయము వద్ద కట్టవలెనని తలచారు. ఈ జలాశయము చుట్టూ పాఠశాలలు, కళాశాల, నివాసములు ఉన్నవి. స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. తరువాత పరిశీలనకు వచ్చిన స్థలములలో మూడు ముఖ్యమైనవి: వెస్ట్‌చెస్టర్ కౌంటీలోని ఈస్ట్‌వ్యూ, బ్రాంక్స్‌లోని హార్లెమ్ నది తీరము, వాన్ కోర్ట్‌లాండ్ ఉద్యానవనములోని మొషోలు గోల్ఫ్ మైదానము. 1998 చివర నగరము మొషోలు మైదానమును ఎంపిక చేసినది.

వాన్ కోర్ట్‌లాండ్ ఉద్యానవనపు భూమి 1888లో నగరము చేతికి వచ్చినది. దీని విస్తీర్ణము 1,100 ఎకరములకు పైగా ఉన్నది. ఇందులోని వాన్ కోర్ట్‌లాండ్ గోల్ఫ్ మైదానము 1895లో ప్రారంభమైనది. అమెరికాలో ప్రజలందరికీ ప్రవేశమున్న మొదటి గోల్ఫ్ మైదానముగా దీనికి పేరున్నది. తొమ్మిది గుంటల మొషోలు మైదానము 1914లో వచ్చినది. ఇవి ధనవంతుల క్లబ్బుల వంటివి కావు. నగరపాలన కింద నడుచునవి, రుసుము చెల్లించి ఎవరైనను ఆడుకొనదగినవి. క్రోటన్ కొత్త కాలువకు చేరువగా ఉండుట, భూమి నగరము అధీనములోనే ఉండుట మొషోలుకు అనుకూలాంశములు. అయితే ఉద్యానవనము అంచున ఉన్న నార్‌వుడ్ వంటి పేటల వారు దుమ్ము, లారీల రాకపోకలు, రాతిని పేల్చుట వలన కలుగు ఇబ్బందులను గురించి ఆందోళన చెందారు. ఉబ్బసము వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతములలో బ్రాంక్స్ ఒకటి కావడము ఈ ఆందోళనకు ఒక కారణము.

ధర్మకర్తృత్వ సిద్ధాంతము, 2001 తీర్పు

ఉద్యానవనమునకు నగరము యజమాని వలె కనిపించినను, చట్టము దృష్టిలో అది ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే. దేవాలయపు మాన్యమును ధర్మకర్త తన ఇష్టము వచ్చినట్లు వాడుకొనరాదు. అట్లే ఉద్యానవన భూమిని రాష్ట్ర చట్టసభల స్పష్టమైన అనుమతి లేక నగరము ఇతర అవసరములకు మళ్ళించరాదు. న్యూయార్కు కోర్టులు ఈ సూత్రమును పందొమ్మిదవ శతాబ్దము నుండి పాటిస్తున్నవి. సెంట్రల్ పార్కులోని ఒక భవనమును ఉద్యానవనమునకు సంబంధము లేని సంస్థకు కౌలుకు ఇచ్చుట చెల్లదని 1920లో వెలువడిన విలియమ్స్ వర్సెస్ గాలటిన్ తీర్పు వీటిలో ప్రసిద్ధమైనది.

మొషోలు ఎంపికను సవాలు చేసినవారిలో ఫ్రెండ్స్ ఆఫ్ వాన్ కోర్ట్‌లాండ్ పార్క్ అనే స్థానిక సంస్థ ఉన్నది. నగరము తన వాదనలో మూడు విషయములు చెప్పినది. భూమి యాజమాన్యము ఎవరికీ బదిలీ కావడము లేదు. కట్టడము నేల అడుగున ఉండును. పని ముగిసిన తరువాత పైభాగము తిరిగి ఆటస్థలమే అగును. కనుక ఇది భూమిని అన్యాక్రాంతము చేయుట కాదని నగరము భావించినది.

కేంద్ర అప్పీలు కోర్టు ఈ చట్టపరమైన ప్రశ్నను న్యూయార్కు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అపీల్స్‌కు పంపినది. ఆ న్యాయస్థానము 2001 ఫిబ్రవరిలో నగరము వాదనను తిరస్కరించినది. ప్రజలు ఐదేళ్ళకు పైగా ఆ స్థలమును వాడుకొనలేకపోవుట, ఉద్యానవనమునకు సంబంధము లేని పెద్ద కట్టడము దాని అడుగున శాశ్వతముగా ఉండుట గణనీయమైన ఆక్రమణయే అని నిర్ణయించినది. యాజమాన్యము మారకపోయినను, చివరకు మైదానము తిరిగి వచ్చినను, చట్టసభల అనుమతి తప్పనిసరి అని తేల్చినది.

ఈ తీర్పులోని ముఖ్యాంశము కాలమునకు సంబంధించినది. తిరిగి ఇస్తామన్న వాగ్దానము తీసుకొనుటకు అనుమతి కాజాలదు. మధ్యలో పోయిన సంవత్సరములు కూడ నష్టములో భాగమే.

చట్టసభల అనుమతి, పరిహారము

తీర్పు తరువాత నగరము రాష్ట్ర చట్టసభలను ఆశ్రయించవలసి వచ్చినది. 2003లో చట్టసభలు ఆమోదించిన బిల్లుపై గవర్నరు జార్జ్ పటాకి సంతకము చేశారు. బ్రాంక్స్ ఉద్యానవనములకు పరిహారము ఈ అనుమతితో ముడిపడినది. మైఖేల్ బ్లూమ్‌బెర్గ్ మేయరుగా ఉన్న కాలములో, మరొకసారి పర్యావరణ పరిశీలన జరిపిన పిమ్మట, 2004లో మొషోలు స్థలము ఖరారైనది.

పరిహారముగా కేటాయించిన 20 కోట్ల డాలర్లకు పైబడిన మొత్తము నగరపు సాధారణ పన్నుల నుండి వచ్చినది కాదు. నీటి, మురుగునీటి రుసుముల ఆదాయము దీనికి ఆధారము. అనగా ఆటస్థలము కోల్పోయినవారికి నీరు వాడుకొనే నగరవాసులందరు కలిసి చెల్లించినట్లయినది. నీటి పథకపు వ్యయములో ఆటస్థలపు నష్టమును కూడ చేర్చవలెనన్న భావన దీనిలో ఉన్నది.

పనులను పరిశీలించుటకు ఒక పర్యవేక్షక సంఘము ఏర్పడినది. చుట్టుపక్కల స్థానిక మండలుల ప్రతినిధులు ఇందులో సభ్యులు. పేలుళ్ళు, దుమ్ము, రాకపోకలు, స్థానికులకు ఉద్యోగములు, ఉద్యానవనపు పనుల పురోగతి మొదలగునవి ఈ సంఘపు సమావేశములలో చర్చకు వచ్చేవి.

నిర్మాణము, పైకప్పు మీది మైదానము

కేంద్రము కోసము రాతి నేలను లోతుగా తవ్వారు. ఇది రోజుకు 29 కోట్ల గ్యాలన్ల నీటిని, అనగా సుమారు 110 కోట్ల లీటర్ల నీటిని శుద్ధి చేయగలదు. నగరపు ప్రస్తుత అవసరములో ఇది దాదాపు 30 శాతము. శుద్ధి క్రమము ఈ విధముగా ఉండును:

* నీటిలో రసాయనములు కలిపి సన్నని మలినములను ముద్దకట్టించుట
* గాలి బుడగల సహాయముతో ఆ ముద్దలను పైకి తేల్చి తొలగించుట
* వడపోత పొరల గుండా నీటిని పంపుట
* అతినీలలోహిత కిరణములతోను, క్లోరిన్‌తోను సూక్ష్మజీవులను నశింపజేయుట

తక్కువ స్థలములో ఎక్కువ నీటిని శుద్ధి చేయుటకు ఈ దశలలో కొన్నిటిని ఒకదానిపై ఒకటిగా అమర్చారు. ఉద్యానవనములో తీసుకొను నేలను తగ్గించవలెనన్న ఒత్తిడి దీనికి ఒక కారణము. నిర్మాణ వ్యయము మొదటి అంచనాలను ఎన్నో రెట్లు మించి, చివరకు 300 కోట్ల డాలర్లు దాటినది.

కేంద్రము పైకప్పు సుమారు 9 ఎకరముల పచ్చని నేల. దీని మీదనే గోల్ఫ్ సాధన స్థలము తిరిగి ఏర్పడినది. చదునైన కప్పు వలె కాక, నడుమ పల్లముగా, అంచుల వైపు ఎత్తుగా దీనిని తీర్చిదిద్దారు. పైన పడిన వాననీరు పక్కనున్న మొక్కల మడుగుల గుండా పారి తేరుకొని, మైదానపు పచ్చికను తడుపుటకు ఉపయోగపడును. తాగునీటి కేంద్రమునకు భద్రత అవసరము గనుక, ఎత్తైన గోడలకు బదులు ఈ మడుగులు, నేల వాలు కొంతవరకు రక్షణగా పనిచేయునట్లు రూపకల్పన జరిగినది.

ఇతర ఆటస్థలములు

పరిహారపు నిధులతో బ్రాంక్స్ అంతటా అనేక ఉద్యానవనములలో పనులు జరిగినవి. వాటిలో రెండు ఈ సందర్భములో చెప్పదగినవి.

పెరేడ్ గ్రౌండ్: ఇది వాన్ కోర్ట్‌లాండ్ ఉద్యానవనములోనే పడమటి వైపున ఉన్న విశాలమైన మైదానము. కరీబియన్ దీవుల నుండి, భారత ఉపఖండము నుండి వలస వచ్చినవారు ఇక్కడ క్రికెట్ ఆడుతారు. ఈ నిధులతో మైదానపు నేలను, మురుగు కాలువలను బాగుచేసి క్రికెట్ పిచ్‌లను పునర్నిర్మించారు. గోల్ఫ్ స్థలము పోయినందుకు వచ్చిన పరిహారము క్రికెట్ ఆటగాళ్ళకు మేలు చేసినట్లయినది.

విలియమ్స్‌బ్రిడ్జ్ ఓవల్: ఒకప్పటి జలాశయమైన ఈ మైదానము నార్‌వుడ్ పేటలోనే ఉన్నది. ఆటస్థలమును, పరుగు బాటను ఈ నిధులతో నవీకరించారు. నిర్మాణపు ఇబ్బందులను భరించిన పేట వారికి నేరుగా అందిన ప్రయోజనములలో ఇది ఒకటి.

పునఃస్థాపనను కొలిచే ప్రమాణములు

క్రోటన్ పరిహారము పెద్ద మొత్తమే. అయినను అది సంపూర్ణ పునఃస్థాపనయా అనే చర్చ జరిగినది. ఆ చర్చను కింది అంశములుగా విభజించవచ్చును.

కాలము: 2004లో పదేళ్ళ వయసున్న బాలునికి కేంద్రము పని ప్రారంభించునాటికి ఇరవై ఒక్క ఏళ్ళు. పూర్వపు స్థలములో ఆడుకొనే బాల్యము అతనికి తిరిగి రాదు. అందువలన పాతదానిని మూసివేయుటకు ముందే కొత్తది సిద్ధము కావలెనన్న వాదన బలమైనది.

స్థానము: పరిహారము బ్రాంక్స్ అంతటికీ పంచబడినది. దీని వలన ఎక్కువ మందికి మేలు కలిగినది. అయితే దుమ్మును, లారీలను భరించినవారు ఒక మూలనున్న కొద్ది పేటల వారు. భారము ఒకచోట, ప్రయోజనము పలుచోట్ల అన్నది స్థానికుల ముఖ్య ఆక్షేపణ.

ఉపయోగము: విస్తీర్ణము సమానమైనంత మాత్రమున ఉపయోగము సమానము కాదు. కప్పు మీది మైదానములో మట్టి లోతు పరిమితము. పెద్ద చెట్లు పెంచుట కష్టము. అడుగున ఉన్న కట్టడమునకు మరమ్మతు వచ్చినపుడు ఆట ఆగవచ్చును.

నిర్వహణ: పరిహారపు ధనము నిర్మాణ పనులకు ఉద్దేశించినది. పచ్చిక కోయుట, కాపలా, మరమ్మతుల వంటి ఏటేటి ఖర్చులు ఉద్యానవన శాఖ మామూలు బడ్జెటు నుండి రావలెను. నిర్వహణ లోపించినచో కొత్త మైదానము కొన్ని ఏళ్ళలోనే పాతబడును.

కాలమును గురించిన ఆక్షేపణకు బ్రాంక్స్‌లోనే మరొక ఉదాహరణ ఉన్నది. అది నీటికి సంబంధించినది కాదు. కొత్త యాంకీ స్టేడియము కోసము 2006లో మేకంబ్స్ డామ్ పార్కులోని ఆటస్థలములను తీసుకున్నారు. స్టేడియము 2009లో ప్రారంభమైనది. వాటికి బదులుగా ఇచ్చిన హెరిటేజ్ ఫీల్డ్ 2012లో గాని తెరుచుకొనలేదు.

ఇతర ప్రాంతములలో పద్ధతులు

అమెరికాలో 1965 నాటి భూమి, జల పరిరక్షణ నిధి చట్టము ప్రకారము, ఆ నిధి సహాయము పొందిన ఉద్యానవన భూమిని ఇతర అవసరములకు మళ్ళించినచో, మార్కెట్ విలువలో తక్కువ కాని, ఉపయోగములోను స్థానములోను సమానమైన వేరొక భూమిని ఇవ్వవలెను. ఇక్కడ ధనము భూమికి ప్రత్యామ్నాయము కాదు.

ఇంగ్లాండులో ఆటస్థలములపై నిర్మాణములకు అనుమతి కోరినపుడు స్పోర్ట్ ఇంగ్లండ్ అనే సంస్థ అభిప్రాయమును తీసుకొనుట 1996 నుండి చట్టరీత్యా అవసరము. తీసుకున్న మైదానమునకు బదులుగా పరిమాణములోను, నాణ్యతలోను సమానమైనదో మెరుగైనదో అయిన మైదానమును, పని మొదలు కాకముందే, అనువైన చోట చూపవలెనన్నది ఈ సంస్థ అంగీకరించే మినహాయింపులలో ఒకటి.

నీటి నిర్మాణముల పైకప్పులను ఆటస్థలములుగా మార్చుట పలు నగరములలో కనిపించును. న్యూయార్కులోని హార్లెమ్‌లో మురుగునీటి శుద్ధి కేంద్రము పైన నిర్మించిన రివర్‌బ్యాంక్ స్టేట్ పార్కు 1993లో ప్రారంభమైనది. 28 ఎకరముల ఈ పార్కులో ఈతకొలను, పరుగు బాట, ఆటస్థలములు ఉన్నవి. సియాటెల్ నగరములో పాత లింకన్ జలాశయమును మూసి, భూగర్భములో తిరిగి నిర్మించి, పైన కాల్ ఆండర్సన్ పార్కును 2005లో ప్రారంభించారు. నేల కొరత ఉన్న హాంకాంగ్‌లో నీటి నిలువ ట్యాంకుల పైకప్పులను ఆటలకు వాడుట సాధారణము.

భారతదేశములో

ధర్మకర్తృత్వ సిద్ధాంతమును భారత సుప్రీంకోర్టు కూడ స్వీకరించినది. బెంగుళూరులో ఉద్యానవనము కోసము కేటాయించిన స్థలమును ప్రైవేటు నర్సింగ్ హోమునకు ఇచ్చుట చెల్లదని 1991లో తీర్పు చెప్పినది. ప్రకృతి వనరులకు ప్రభుత్వము ధర్మకర్త అన్న సూత్రమును 1996లో ఎం.సి. మెహతా వర్సెస్ కమల్‌నాథ్ కేసులో స్పష్టము చేసినది.

ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన ఉదాహరణ తిరుపతి చెరువుల కేసు. తిరుపతి సమీపములోని అవిలాల, పేరూరు చెరువుల భూములను గృహ నిర్మాణమునకు కేటాయించుటపై ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంస్థ పోరాడినది. 2006లో సుప్రీంకోర్టు ఈ కేసులో ధర్మకర్తృత్వ సిద్ధాంతమును అన్వయించి, మిగిలిన భూమిలో ఇక మీదట నిర్మాణములు చేయరాదని ఆదేశించినది. మొషోలులో నీటి కోసము ఆటస్థలమును తీసుకున్నారు. తిరుపతిలో ఇండ్ల కోసము నీటి స్థలమును తీసుకున్నారు. రెండింటిలోను కోర్టులు అడిగిన ప్రశ్న ఒక్కటే: ప్రజల ఆస్తికి ధర్మకర్తగా ఉన్న ప్రభుత్వమునకు ఆ అధికారము ఎంతవరకు ఉన్నది?

జలాశయముల వంటి నిర్మాణముల వలన గ్రామము మొత్తము తరలిపోవు సందర్భములకు 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టము వర్తించును. పునరావాస గ్రామములలో ఉండవలసిన వసతులను ఈ చట్టపు మూడవ షెడ్యూలు పేర్కొన్నది. రహదారులు, తాగునీరు, పాఠశాలలతో పాటు పిల్లల ఆటస్థలము కూడ ఆ జాబితాలో ఉన్నది. ఆటస్థలము దయతో ఇచ్చు అదనపు సౌకర్యము కాక, తరలింపుకు గురైనవారికి తిరిగి దక్కవలసిన వసతులలో ఒకటిగా దీనివలన గుర్తింపు పొందినది.

ఇవి కూడా చూడండి

* న్యూయార్కు నగరము
* వాన్ కోర్ట్‌లాండ్ ఉద్యానవనము
* నీటి శుద్ధి
* తిరుపతి
* పునరావాసము